చిన్న ట్రాక్టర్ కొనేముందు జేబులో టేపు పెట్టుకోండి

మా బత్తాయి తోటలోకి కిరాయి ట్రాక్టర్ పిలిచిన మొదటి ఏడాది సాలుకు రెండు చెట్ల కొమ్మలు విరిగాయి. 45 హెచ్‌పీ బండి, వెనక ఆరడుగుల రోటవేటర్ (తిరిగే బ్లేడ్లతో మట్టిని గుల్ల చేసే పనిముట్టు). డ్రైవర్ తప్పేమీ లేదు, ఆ బండి తిరగడానికి తోటలో చోటే లేదు. అతను వెళ్లాక పాదుల దగ్గర చూస్తే పీచు వేళ్లు తెగి పైకి తేలి ఉన్నాయి. బత్తాయికి మేత తీసుకునే వేళ్లు పైపైనే ఉంటాయి కదా. సొంతంగా చిన్న ట్రాక్టర్ తీసుకోవాలని ఆ సాయంత్రమే అనుకున్నాను. తీసుకున్నది మాత్రం రెండేళ్ల తర్వాత. ఆలోగా ఒక పొరపాటు బేరం చేసి వెనక్కి తగ్గాను, నలుగురి పొలాలు తిరిగాను, కొన్ని లెక్కలు నేర్చుకున్నాను. నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు మూడు నుంచి ఆరెకరాల దాకా ఉన్నవాళ్లకు పనికొస్తాయని రాస్తున్నాను.

చిన్న ట్రాక్టర్ అంటే ఇక్కడ నా ఉద్దేశం 15 నుంచి 30 హెచ్‌పీ దాకా ఉన్నవి.

1. ఏడాదికి ఎన్ని గంటల పని ఉందో రాసుకోండి

షోరూంకు వెళ్లకముందే చేయాల్సిన పని ఇది. ఒక కాగితం తీసుకుని, పోయిన ఏడాది ఏ నెలలో ఏ పనికి ట్రాక్టర్ పిలిచారో గుర్తు చేసుకుని రాయండి. ఉదాహరణకు నాలుగెకరాలు ఉన్నాయనుకుందాం. రెండున్నర ఎకరాలు బత్తాయి, ఎకరంన్నర పత్తి. చిన్న ట్రాక్టర్‌కు నాలుగడుగుల రోటవేటర్ కట్టి గంటకు మూడు కిలోమీటర్ల వేగంతో తోలితే, మలుపులూ ఆగడాలూ కలుపుకుని ఎకరానికి గంటన్నర పడుతుంది. తోటలో ఏడాదికి నాలుగుసార్లు తోలితే 15 గంటలు. మందు కొట్టడం పదిసార్లు, సారికి రెండు గంటలు, అంటే 20. పత్తి చెల్క దుక్కికి నాలుగు గంటలు, తర్వాత గుంటుక (సాళ్ల మధ్య కలుపు తీసే పనిముట్టు) తోలడానికి ఆరు. పెంట తోలడం, కాయ మోయడం లాంటివి పది. మొత్తం 55 గంటలు.

ఇప్పుడు కిరాయి గంటకు 1,200 అనుకుంటే 66 వేలు. సొంత బండి ఉంటే ఇందులో డీజిల్‌కు పదమూడు వేలదాకా మనమే పెట్టుకోవాలి. మిగిలేది 53 వేలు. బండి, పనిముట్లు కలిపి ఐదు లక్షల అప్పు తెస్తే, 11 శాతం లెక్కన మొదటి ఏడాది వడ్డీయే 55 వేలు. అసలు, ఇన్సూరెన్స్, టైర్లు ఇంకా లెక్కలోకే రాలేదు.

అంటే సొంత నాలుగెకరాల కోసమే అయితే, డబ్బు లెక్కలో చిన్న ట్రాక్టర్ గిట్టుబాటు కాదు. ఈ మాట అమ్మేవాళ్లు చెప్పరు, కొన్నవాళ్లు ఒప్పుకోరు. పక్క రైతుల తోటలకు కిరాయికి తోలి ఏడాదికి రెండు వందల గంటలైనా నడిపితేనే బండి తన ఖర్చు తాను సంపాదిస్తుంది. తోలే మనిషి ఇంట్లో ఉన్నాడా, ఆ తిరుగుడు మీకు ఇష్టమేనా అన్నది ఇప్పుడే తేల్చుకోండి.

అయినా జనం ఎందుకు కొంటున్నారంటే, పదును కోసం, అంటే వాన పడ్డాక దున్నడానికి నేల అనువుగా ఉండే తడి కోసం. ఎర్ర చెల్కలో ఒక మంచి వాన పడితే రెండు మూడు రోజులే పదును. ఆ రెండు మూడు రోజుల్లో ఊరంతటికీ ట్రాక్టర్ కావాలి. పదెకరాలున్న ఆసామి దగ్గరికి ముందు పోతుంది, మన వంతు వచ్చేసరికి నేల గట్టిపడుతుంది. ఒక్కసారి పదును తప్పితే ఎంత నష్టమో మీ పొలం లెక్క మీకే తెలుసు. దానికి ఎంత విలువ కడతారో ఆ కాగితం మీదే ఒక అంకె వేసుకోండి. నేనైతే ఆ అంకె చూసే కొన్నాను.

రెండెకరాల లోపైతే పవర్ టిల్లరో, పవర్ వీడరో చూడండి. దుక్కి వరకు కిరాయికి పిలిపించుకుంటే పోతుంది.

2. టేపు పట్టుకుని పొలమంతా తిరగండి

మూడు కొలతలు కావాలి. మొదటిది, బండి పోవాల్సిన చోట్లలో అన్నిటికంటే ఇరుకైనది. కొందరికి అది గెట్ల మీది బాట, కొందరికి కంచె దగ్గర గేటు, కొందరికి రెండు రాతి కడీల మధ్య సందు. రెండోది, చెట్ల మధ్య ఖాళీ. బత్తాయి 20 అడుగుల దూరంలో నాటి ఉంటుంది. కానీ టేపు మొదలు నుంచి మొదలుకు పట్టకండి. ఏడెనిమిదేళ్ల చెట్టు గొడుగులా విప్పుకుని ఉంటుంది, ఈ చెట్టు కొమ్మ చివర నుంచి ఆ చెట్టు కొమ్మ చివరకు కొలవండి. మా తోటలో కొన్నిచోట్ల ఆరడుగులే వచ్చింది. మూడోది, సాలు చివర తిప్పుకోవడానికి గెట్టు దాకా ఎంత జాగా ఉందో. పనిముట్టుతో సహా ఒక్క విడతలో తిరగలేకపోతే ప్రతి సాలు చివరా వెనక్కి ముందుకీ ఆడుతూ గంటకు పావు గంట పోతుంది.

పత్తి వేసేవాళ్లకు ఇంకో కొలత. మూడడుగుల అచ్చులో, అంటే సాలుకూ సాలుకూ మూడడుగుల దూరంలో, గుంటుక తోలాలంటే, టైర్ల బయటి అంచుల మధ్య వెడల్పు మీ సాలుకు సరిపోవాలి. చిన్న ట్రాక్టర్లలో చాలావరకు మూడు నుంచి నాలుగడుగుల వెడల్పు ఉంటాయి. వెనక చక్రాల రిమ్ము తిప్పి బిగిస్తే వెడల్పు కొంత తగ్గుతుంది, పెరుగుతుంది. ఎంత నుంచి ఎంతకు మారుతుందో షోరూంలో అడగండి. చెప్పిన అంకెను నమ్మకుండా అక్కడే టేపు పెట్టి చూడండి. నేను చూసిన ఒక బండి కాగితం మీది కొలతకూ నేల మీది కొలతకూ ఒక టైరు వెడల్పంత తేడా వచ్చింది. కాగితంలో రాసింది టైర్ల మధ్య గీత నుంచి మధ్య గీతకు! వాళ్లు అబద్ధం రాయలేదు, నేను చదవడంలో తప్పాను.

పైరు ఎదిగాక బండి కింద ఎంత ఎత్తు ఖాళీ ఉందన్నది కూడా ముఖ్యమే. పత్తి మోకాలు దాటిందంటే చిన్న ట్రాక్టర్ పొట్ట ఆకుల్ని రాసుకుంటూ పోతుంది. ఆ తర్వాత మళ్లీ ఎడ్లో మనుషులో తప్పదు.

3. హెచ్‌పీ కాదు, పీటీఓ దగ్గర ఎంత వస్తుందో అడగండి

బానెట్ మీద రాసి ఉండేది ఇంజిన్ హెచ్‌పీ. రోటవేటర్, స్ప్రేయర్ తిరిగేది వెనక పీటీఓ షాఫ్ట్ మీద, అంటే ఇంజిన్ శక్తిని పనిముట్టుకు అందించే ఇరుసు మీద. అక్కడికి వచ్చేసరికి పదిహేను శాతం వరకు తగ్గుతుంది. 24 హెచ్‌పీ ఇంజిన్‌కు పీటీఓ దగ్గర 20 అటూ ఇటూ వస్తుంది. దానికి మూడున్నర, నాలుగడుగుల రోటవేటర్ సరిపోతుంది.

నేను చేసిన పొరపాటు బేరం ఇక్కడే. ఒక షోరూంలో అబ్బాయి, "అన్నా, ఐదడుగులది కట్టించుకో, ఆరాముగ తోల్తది, పని జల్దీ అయితది" అన్నాడు. అడ్వాన్స్ ఇచ్చేశాను. అదృష్టం కొద్దీ అదే జోడీ తీసుకున్న రైతు ఒకాయన కనగల్ దారిలో ఉన్నాడని తెలిసి వెళ్లి చూశాను. ఎర్ర నేలలో పైపైన తోలితే బాగానే పోతోంది. కొంచెం లోతు దింపగానే ఇంజిన్ గొంతు పడిపోయి నల్ల పొగ. ఆయన రెండో గేర్‌లో కూడా తోలలేక మొదటి గేర్‌లో ఈడుస్తున్నాడు. "తమ్మీ, నేను చేసింది నువ్వు చేయకు" అన్నాడు. అడ్వాన్స్ తిరిగి రాబట్టడానికి నెల పట్టింది.

అలాగని మరీ చిన్నది కట్టినా చిక్కే. రోటవేటర్ వెడల్పు వెనక టైర్ల బయటి అంచుల కంటే కొంచెమైనా ఎక్కువ ఉండాలి. లేకపోతే టైరు తొక్కిన జాడ దున్నకుండా అలాగే గట్టిగా మిగిలిపోతుంది. నాలుగడుగుల వెడల్పు బండికి మూడున్నర అడుగుల రోటవేటర్ కట్టి బాధపడేవాళ్లను చూశాను.

ఇంకొక దారి ఉంది. మధ్యప్రదేశ్‌లోని బుద్నిలో కేంద్ర ప్రభుత్వ సంస్థ ట్రాక్టర్లను పరీక్షించి రిపోర్టు ఇస్తుంది. పీటీఓ శక్తి, డీజిల్ ఖర్చు, హైడ్రాలిక్ (వెనక పనిముట్టును లేపే ఏర్పాటు) ఎంత బరువు లేపుతుంది, ఎంత జాగాలో తిరుగుతుంది అన్నీ అందులో ఉంటాయి. మీరు చూస్తున్న మోడల్ రిపోర్టు ఇమ్మని డీలర్‌ను అడగండి. అడిగే రైతులు తక్కువ కాబట్టి ముందు కొంచెం వింతగా చూస్తారు, పర్లేదు. మనకు దగ్గర్లో అనంతపురం జిల్లా గార్లదిన్నెలో కూడా ఇలాంటి సంస్థే ఉంది, అక్కడ రైతులకు ట్రాక్టర్ నడపడం, చూసుకోవడం మీద శిక్షణ ఇస్తారు.

4. మీ నేలను బట్టి ఫోర్ వీల్ డ్రైవ్

పాలమూరు వైపు ఎర్ర చెల్కలు, దుబ్బ నేలల్లో మందు కొట్టడానికీ గుంటుకకూ వెనక చక్రాలు మాత్రమే లాగే టూ వీల్ డ్రైవ్ చాలు. ధర తక్కువ, ముందు ఇరుసు మరమ్మతులు తక్కువ. నల్లరేగడిలో, తడి ఆరని తోటల్లో, ట్రాలీతో గట్టు ఎక్కాల్సిన చోట ఫోర్ వీల్ డ్రైవ్ ఉంటే ప్రాణం హాయిగా ఉంటుంది. చిన్న ట్రాక్టర్ బరువే తక్కువ, పట్టు కూడా తక్కువే, ముందు చక్రాలు కూడా లాగితేనే ఆ లోటు తీరుతుంది. తారు రోడ్డు ఎక్కగానే ఫోర్ వీల్ డ్రైవ్‌ను ఆపేయాలి, లేకపోతే ముందు టైర్లు, గేర్లు ఊరికే అరిగిపోతాయి.

మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్ వైపు చాలా చెల్కల్లో నాలుగు అంగుళాల కింద మొరమో బండో ఉంటుంది. అలాంటి చోట రోటవేటర్ బ్లేడ్లు ఒక్క సీజన్‌కే కరిగిపోతాయి. ముందు కల్టివేటర్‌తో రెండుసార్లు తిప్పి, రాళ్లు ఏరించి, ఆ తర్వాతే రోటవేటర్ వేయండి. అసలు మీ పనికి రోటవేటర్ కంటే ఐదు పళ్ల కల్టివేటరే ఎక్కువ అవసరమేమో కూడా ఆలోచించండి. అందరూ కొంటున్నారని మనమూ కొనేస్తాం.

ఇక వరి. మిర్యాలగూడ, హుజూర్‌నగర్ వైపు సాగర్ ఎడమ కాలువ కింద పొలాల్లో చిన్న ట్రాక్టర్‌తో కరిగెట (నాటుకు ముందు బురద దమ్ము) చేయొచ్చా అని చాలామంది అడుగుతారు. అడుసు తక్కువగా, అడుగున గట్టి పొర ఉన్న మడిలో ఫోర్ వీల్ డ్రైవ్ బండికి కేజ్ వీల్స్ (బురదలో తోలే ఇనుప చక్రాలు) కట్టి చేయొచ్చు. తేలిక బండి కాబట్టి తొందరగా దిగబడదు కూడా. కానీ లోతు బురదలో ఒక్కసారి పొట్ట ఆనిందంటే చక్రాలు ఊరికే తిరుగుతాయి, లాగడానికి పెద్ద బండి రావాల్సిందే. నా అభిప్రాయం, వరి ప్రధానంగా ఉన్నవాళ్లు చిన్న ట్రాక్టర్ జోలికి పోకండి. రెండు పూటలు కిరాయికి పెట్టుకోవడం నయం.

5. మోడళ్లు

మన దగ్గర కనిపించేవే చెబుతాను. 15 హెచ్‌పీలో మహీంద్రా యువరాజ్ 215, స్వరాజ్ 717. రెండూ సింగిల్ సిలిండర్, ధర తక్కువ, కుదుపు ఎక్కువ. గుంటుక, మందు, చిన్న ట్రాలీ వరకు బాగుంటాయి. 24 హెచ్‌పీలో మహీంద్రా జీవో 245 రెండు సిలిండర్లు, కుబోటా నియోస్టార్ బీ2441 మూడు సిలిండర్లు, రెండూ ఫోర్ వీల్ డ్రైవ్. 28 హెచ్‌పీలో జాన్ డీర్ 3028 ఈఎన్. మహీంద్రా వాళ్ల ఓజా రకం 2023లో వచ్చింది, మన జహీరాబాద్‌లోనే తయారవుతుంది, 20 హెచ్‌పీ పైన చిన్నవి అందులోనూ ఉన్నాయి.

వీటిలో ఏది మంచిదని అడగకండి. మీకు ఇరవై కిలోమీటర్లలో ఏ కంపెనీ మెకానిక్ ఉన్నాడో, ఆయన దగ్గర ఫిల్టర్లు, ఫ్యాన్ బెల్టు, క్లచ్ ప్లేట్, పీటీఓ సీలు ఉన్నాయో లేవో చూడండి. నల్లగొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్ పట్టణాల్లో అన్నీ దొరుకుతాయి, దేవరకొండ అవతలి తండాల్లోనో, అచ్చంపేట అంచునో ఉంటే మాత్రం ఇదే పెద్ద విషయం. మందు కొట్టే వారంలో బండి ఆగితే, ఎన్ని సిలిండర్లున్నా లాభం లేదు. వెయ్యి గంటలు దాటిన బండి ఉన్న రైతును ఇద్దరినైనా కలిసి మాట్లాడాకే పేరు ఖాయం చేయండి.

6. డెమో మీ పొలంలోనే పెట్టించండి

షోరూం ముందు సిమెంటు మీద నడిపి చూపించడం డెమో కాదు. మీ పొలానికి, మీరు కొనబోయే పనిముట్టుతోనే రమ్మనండి. పదును ఉన్న రోజు చూసుకోండి. ఎండిన నేలలో ఏ బండీ పని చూపించలేదు, మెత్తటి దుబ్బలో ఏ బండైనా పులే.

ముందు రోటవేటర్‌ను పూర్తిగా పైకి లేపించి, గట్టు మీదకు మెల్లగా ఎక్కించమనండి. ముందు చక్రాలను చూడండి. మా డెమోలో గట్టు ఎక్కుతున్నప్పుడు ముందు చక్రాలు జానెడు గాలిలోకి లేచి మళ్లీ దబ్బున పడ్డాయి. వచ్చిన అబ్బాయి నవ్వుతూ "ముందల వెయిట్ కట్టుకుంటే సెట్ అయితది అన్నా" అన్నాడు. అతను చెప్పింది నిజమే. ముందు బరువు దిమ్మెలు కట్టించాక లేవలేదు. కానీ ఆ దిమ్మెలు ధరలో కలిసి ఉన్నాయా లేవా అని అడిగితే లేవన్నాడు. వాటిని బేరంలో కలిపించుకున్నాను. ముందు చక్రాలు లేచిన క్షణంలో స్టీరింగ్ పని చేయదు, పక్కనే కాలువ ఉందనుకోండి, అంతే సంగతులు.

తర్వాత సాలులోకి దింపి ఇంజిన్ శబ్దం వినండి. లోతు పెంచుతున్నప్పుడు గొంతు కొద్దిగా బరువెక్కడం సహజం. బొంగురుపోయి, నల్ల పొగ వదిలి, గేర్ తగ్గించాల్సి వస్తే ఆ రోటవేటర్ ఆ బండికి ఎక్కువ. ఐదారు సాళ్లు తోలించి, దిగి, పుల్ల గుచ్చి నాలుగైదు చోట్ల లోతు చూడండి. అన్నిచోట్లా ఒకేలా ఉండాలి.

ఇప్పుడు మీరు ఎక్కండి. పొడవైనవాళ్లయితే మోకాళ్లు స్టీరింగ్‌కు తగులుతాయా చూసుకోండి, చిన్న ట్రాక్టర్లలో ఇది చాలామందికి ఇబ్బంది. రోజుకు ఆరు గంటలు కూర్చోవాలి మరి. చెట్ల మధ్యకు తీసుకెళ్లి, కొమ్మలు తలకో భుజానికో తగులుతున్నాయా, పైకి లేచిన సైలెన్సర్ ఆకులను కాలుస్తోందా గమనించండి. సైలెన్సర్ కిందికి ఉన్న మోడళ్లు తోటలకు మేలు. మందు కొట్టేవాళ్లు ఇంకో సంగతి చూడాలి. చెట్టు దగ్గర ఆగినా పీటీఓ తిరుగుతూనే ఉండాలి. క్లచ్ తొక్కగానే పంపు కూడా ఆగిపోయే బండితో స్ప్రే చేయడం విసుగు.

చివరగా బ్రేకులు. ట్రాలీలో టన్నున్నర పెంట వేసి ఒక వాలులో దింపించండి. లాగడానికి ఇంజిన్ సరిపోయినా, ఆపడానికి బండి బరువు సరిపోదు. ట్రాలీ బండిని తోసుకుపోతుంది. ఇంకో మాట. 2018లో మన నల్లగొండ జిల్లాలోనే, పీఏ పల్లి మండలం వద్దిపట్ల దగ్గర, కూలీలతో వెళ్తున్న ట్రాక్టర్ ఏఎంఆర్‌పీ (ఎలిమినేటి మాధవరెడ్డి ప్రాజెక్టు) కాలువలో పడి తొమ్మిది మంది చనిపోయారు. ట్రాలీ ఉన్నది సరుకుకే. మనుషులను ఎక్కించుకుంటే ఇన్సూరెన్స్ కూడా ఆదుకోదు.

7. డబ్బు, కాగితాలు

24 హెచ్‌పీ ఫోర్ వీల్ డ్రైవ్ బండి సుమారు నాలుగున్నర నుంచి ఆరు లక్షల మధ్య ఉంటుంది. పనిముట్లు వేరు. 2025 సెప్టెంబర్ 22 నుంచి ట్రాక్టర్ల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది, టైర్లు, విడిభాగాల మీద 18 నుంచి 5కు. కాబట్టి ఎవరైనా అంతకుముందు కొన్న ధర చెప్పి "మేం ఇంతకు తీసుకున్నాం" అంటే దాంతో పోల్చకండి.

కొటేషన్‌లో బండి ధర, రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్, పనిముట్టు ఒక్కొక్కటీ విడిగా రాయించుకోండి. మొత్తం ఒకే అంకెగా చెబితే అందులో ఏదో ఒకటి దాక్కుని ఉంటుంది. సబ్సిడీ ఏమైనా ఉందా అన్నది రైతు వేదికలో మీ ఏఈఓను (వ్యవసాయ విస్తరణ అధికారిని) అడగండి, ముందు డబ్బు కట్టేసి తర్వాత సబ్సిడీ వెతుక్కోవద్దు. అప్పు కిస్తీ నెలకు కాకుండా పంట చేతికొచ్చే ఆరు నెలలకోసారి పెట్టించుకోండి. ట్రాలీకి విడిగా రిజిస్ట్రేషన్ ఉండాలి, మరిచిపోకండి.

8. సెకండ్ హ్యాండ్ అయితే

పొద్దున్నే, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు వెళ్లండి. వెళ్లేసరికే వేడిగా ఉందంటే స్టార్టింగ్ సమస్య ఉందేమో అని అనుమానించాలి. గేర్ బాక్సు నూనె కొంచెం తీసి చూడండి, టీ రంగులో పాలలా ఉంటే నీళ్లు కలిశాయి, బండి బురదలో బాగా నానింది. రోటవేటర్ లేపి ఇంజిన్ ఆపేయండి. పది నిమిషాల్లో సగం దిగిపోతే హైడ్రాలిక్ లీకు. పీటీఓ షాఫ్ట్‌ను చేత్తో పట్టుకుని పైకీ కిందికీ కదపండి, ఆట ఎక్కువ ఉండకూడదు. ఫోర్ వీల్ డ్రైవ్ అయితే ముందు చక్రాల లోపలివైపు వంగి చూడండి, నూనె కారిన మరక మట్టితో కలిసి నల్లగా అంటుకుని ఉంటే సీళ్లు పోయినట్టు. మీటర్‌లో గంటలు తక్కువ చూపిస్తూ పెడల్ రబ్బర్లు నున్నగా అరిగి ఉంటే మీటర్‌ను కాదు, పెడల్‌ను నమ్మండి.

అప్పు తీరిందని ఫైనాన్స్ వాళ్లిచ్చే ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం), ఫారం 35 చేతికి రాకుండా పూర్తి డబ్బు ఇవ్వకండి. పేరు మార్పిడికి ఫారం 29, 30 మీద అదే రోజు సంతకాలు చేయించుకోండి, తర్వాత ఆ మనిషి హైదరాబాద్‌లో ఉన్నానంటాడు.

9. బండి ఇంటికొచ్చాక

కొబ్బరికాయ కొట్టిన రోజే రోటవేటర్ కట్టి పూర్తి లోతు దింపకండి. మొదటి 50 గంటలు సగం బరువు పనులు చేయించండి. మందు కొట్టడం, ఖాళీ ట్రాలీ, పైపైన కల్టివేటర్ లాంటివి. 50 గంటలకు మొదటి సర్వీసు, ఇంజిన్ ఆయిల్, ఫిల్టర్ మార్పు తప్పక చేయించండి. ఆ తర్వాత ఎన్ని గంటలకోసారి అన్నది మాన్యువల్‌లో ఉంటుంది, గంటల మీటర్ చూసుకుంటూ ఉండండి. పత్తి కాలంలో దుమ్ములో తోలినప్పుడు ఎయిర్ ఫిల్టర్‌ను రోజూ దులపాలి.

మొదటి పదిహేను రోజులు ప్రతి ఉదయం చక్రాల నట్లు పానాతో ఒకసారి బిగించి చూడండి, కొత్త బండికి అవి వదులవుతాయి. పీటీఓ షాఫ్ట్ మీది ప్లాస్టిక్ తొడుగు అడ్డంగా ఉందని మెకానిక్ తీసేస్తానంటే ఒప్పుకోకండి. తోటలో పని చేసే ఆడవాళ్ల చీర కొంగు, మన తువ్వాలు అందులో చుట్టుకోవడానికి ఒక్క క్షణం చాలు. మా బండికి ఆ తొడుగు ఒకసారి పగిలింది. కొత్తది వచ్చేదాకా నాలుగు రోజులు స్ప్రే ఆపేశాను.